మతి పరీక్ష సరే.. ఏ భాషలో?

2024 నవంబరు 13. క్షీరాబ్ది ద్వాదశి. హోసూరు పక్కన మా పల్లె నుంచి అవ్వను కారులో కూర్చోబెట్టుకుని ఒక ఆసుపత్రికి పోయాం. అవ్వకు 82 ఏళ్లు. ఆరు నెలలుగా చెప్పిందే చెప్తోంది. పాల లెక్క రెండుసార్లు తప్పింది. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. ‘ఒకసారి డాక్టరుకు చూపిద్దాం’ అని అమ్మ అంటే సరేనన్నాను.

డాక్టరు కుర్రాడు. మంచివాడే. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. ఒక కాగితం ముందు పెట్టుకుని అరవంలో ప్రశ్నలు మొదలెట్టాడు. ఇది ఏ నెల? ‘కార్తీకం’ అంది అవ్వ. ఆయన కాగితం మీద సున్నా వేశాడు. ఆరోజు అరవ లెక్కలో ఇంకా ఐప్పసి మాసమే. వాళ్ల కార్తిగై మూడు రోజుల తర్వాత వస్తుంది. మనకు మాత్రం దీపావళి మరునాటి నుంచే కార్తీకం. ఏ తేదీ? ‘నిన్న ఏకాదశి. ఈపొద్దు తులసమ్మకు దీపం పెట్టాల. బిరబిరా పోదాం పదండి’ అంది. ఇంకో సున్నా. ఏ జిల్లా? ‘సేలం’. ఇంకో సున్నా.

అవ్వ పుట్టినప్పుడు హోసూరు సేలం జిల్లాలోనే ఉంది. 1965లో ధర్మపురి జిల్లా వచ్చింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా అవ్వ మూడు జిల్లాలు చూసింది. మొదటి జిల్లా పేరు చెప్పినందుకు ఒక మార్కు పోయింది.

తర్వాత మూడు మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమన్నాడు. అందులో ఒకటి ‘మేజై’. సంతలో వంకాయలు బేరమాడే అరవం అవ్వకు వచ్చు. మేజై అంటే బల్ల అని తెలియదు. ‘టేబుల్ అవ్వా, టేబుల్’ అని నేను అందించాను. వందలోంచి ఏడు తీసేయమన్నాడు. ‘యాందో అడగతా ఉండాడు, సరిగా ఇనపడలేదు నాయనా’ అంది. కాగితం ఇచ్చి దాని మీద రాసినట్లు చేయమన్నాడు. అవ్వ బడి ముఖం చూడలేదు. చివరికి ముప్ఫైకి పన్నెండు వచ్చాయి. ‘డిమెన్షియా. వయసుతో వచ్చేదే. పెద్దగా చేసేదేం లేదు. జాగ్రత్తగా చూసుకోండి’ అన్నారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

ఇంటికి వచ్చాక జరిగింది చెప్పడానికే ఈ వ్యాసం.

చేతిలో గుత్తి పోయింది

ఆ రాత్రే అవ్వ నడుముకు ఉండే బీగం చెవుల గుత్తి అమ్మ తీసి దాచింది. పాల లెక్క మా చిన్నాయన చేతికి పోయింది. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు అవ్వతో కాక మాతో మాట్లాడి పోయారు. అవ్వ ఏదైనా చెప్పబోతే ‘సరేలే అవ్వా’ అని లేచిపోయేవాళ్లం. నాలుగు నెలలకు అవ్వ మాట్లాడడమే తగ్గించింది. చూశారా, జబ్బు ముదిరిందని మేం అనుకున్నాం.

2025 వేసవిలో మా అత్త ఊరుకోలేదు. బెంగళూరుకు తీసుకుపోదామంది. అక్కడ ముందు చెవులు చూశారు. రెండు చెవులూ సగానికి పైగా వినపడడం లేదు. రక్తం చూశారు. బి12 విటమిన్ బాగా తక్కువ. సూదులు వేశారు, చెవికి మిషను పెట్టారు. రెండు నెలల తర్వాత రమ్మన్నారు. అప్పుడు పరీక్ష చేసిన అమ్మాయి చిత్తూరు వైపు పిల్ల. ‘అవ్వా, సద్ది తిన్యావా?’ అని మొదలెట్టింది. చదువు రానివాళ్లకని తయారుచేసిన తెలుగు ప్రశ్నలు అడిగింది. మమ్మల్ని బయట కూర్చోబెట్టింది.

ముప్ఫైకి ఇరవై రెండు.

అవ్వకు ఏ లోపమూ లేదని నేను చెప్పడం లేదు. జ్ఞాపకం కొంత తగ్గిందని, ఆరు నెలలకోసారి చూపించాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పెరిగిన పది మార్కుల్లో భాషది ఎంత, చెవిది ఎంత, బి12ది ఎంత అని విడదీసి చెప్పలేం. రెండు చోట్లా ప్రశ్నల కాగితం కూడా ఒకటి కాదు. అయితే ఒకటి మాత్రం ఖాయం. పన్నెండు అన్న అంకె అవ్వది కాదు. చెవిటి అవ్వను, చదువురాని అవ్వను, రాని మాటలతో అడిగితే వచ్చిన అంకె అది. ఆ అంకె పట్టుకుని తొమ్మిది నెలలు ఒక మనిషిని ఇంట్లో లేనట్లు చూశాం. పక్కన కూర్చుని ‘టేబుల్ అవ్వా’ అని అందించినవాణ్ని నేనే. కాబట్టి ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

ఈ పరీక్షల సంగతేమిటి?

పరీక్షల మీద కోపంతో రాయడం లేదు. అవి కావాలి. మన వైపు పెద్దవాళ్లు మరిచిపోతుంటే ‘చాదస్తం’ అంటాం. కన్నడం వాళ్లు ‘అరవత్తక్కె అరళు మరళు’ అంటారు. అరవై వస్తే మతి అటూ ఇటూ అవుతుందని. ఏ భాషలో అన్నా దాని అర్థం ఒకటే, ఆసుపత్రికి పోనక్కర లేదని. అది తప్పు. దేశమంతటా పెద్దవాళ్ల మీద జరిపిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో అచ్చయింది. 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అది లెక్కగట్టింది. పద్నాలుగు ఇళ్లలో పద్నాలుగు మంది పెద్దలుంటే అందులో ఒకరు అన్నమాట. అలా అని మిగతా పదమూడు మంది మరుపును కూడా అదే జబ్బు కింద రాసేయకూడదు.

మతి పరీక్షల్లో ఎక్కువగా వాడే ఎంఎంఎస్ఈని 1975లో అమెరికాలో తయారుచేశారు. ముప్ఫై మార్కులు. 24 కంటే తగ్గితే అనుమానించాలనేది వాడుక. మోకా అనే ఇంకో పరీక్ష కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టి 2005లో వెలుగులోకి వచ్చింది. దానికీ ముప్ఫై మార్కులే. 26 నుంచి బాగున్నట్లు లెక్క. చదువు 12 ఏళ్లు లేదా అంతకు తక్కువైతే ఒక మార్కు కలపమని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. చదువు, భాష, ఊరి అలవాటు.. ఇవి మార్కులను మారుస్తాయని ఈ పరీక్షలు తెలిసినవాళ్లందరికీ తెలుసు. తెలియనిది మన వరండాలో వరుసలో కూర్చున్నవాళ్లకే.

మన దేశంలో దీనికి దారి ఎప్పుడో వేశారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని ముసలివాళ్లను పరీక్షించాల్సి వచ్చినప్పుడు ఇంగ్లీషు ప్రశ్నలను ఉన్నవున్నట్లు తర్జుమా చేయలేదు. వాటినే మార్చారు. 1995లో అచ్చయిన ఆ హిందీ పరీక్షలో ‘కళ్లు మూసుకోండి’ అని రాసి చూపించరు. ‘నన్ను చూసి నేను చేసినట్లే చెయ్యండి’ అంటారు. ఇంతే తేడా. ఈ తేడాతో ఒక మార్కు దక్కుతుంది, ఒక మనిషి మర్యాద దక్కుతుంది.

తెలుగుకు కూడా లేవని కాదు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, దేశంలోని పెద్దాసుపత్రుల వాళ్లను కూర్చోబెట్టి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో మతి పరీక్షల సంపుటి తయారుచేయించింది. చదువు వచ్చినవాళ్లకు ఒక తీరు, రానివాళ్లకు ఒక తీరు. మోకాకు తెలుగు రూపం ఉంది. కాగితం ఉంది. కాగితం ఉన్న చోటికీ మన అవ్వ కూర్చున్న కుర్చీకీ మధ్య ఒక రాష్ట్ర సరిహద్దు అడ్డం ఉంది. అదే అసలు సమస్య.

రెండు భాషలు భారం కాదు, బలం

సరిహద్దు మనుషులం మనం. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, బస్సులో కన్నడం. ఒక మాటలో రెండు భాషలు కలుస్తాయి. హోసూరు అవ్వను జంతువుల పేర్లు చెప్పమంటే ఆవు, మేక అంటూ మధ్యలో ఒక కన్నడ పేరు, ఒక అరవ పేరు వేస్తుంది. ఆ భాషలు తెలియని మనిషి పరీక్ష చేస్తే ఆ పేర్లు లెక్కలోకి రావు. ‘మాటలు కలగాపులగం అవుతున్నాయి’ అని రాసినా రాస్తారు. అది జబ్బు కాదు స్వామీ, మా ఊరి తెలుగు అదే!

ఈ కలగాపులగమే మనల్ని కాపాడుతోందేమో కూడా. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే బడిలో నేర్చిన ఇంగ్లీషు ఒక్కటే కాదు, సంతలో నేర్చిన భాష కూడా మెదడుకు వ్యాయామమే. అలాంటి మన పెద్దవాళ్ల బలాన్ని పరీక్ష కాగితం బలహీనత కింద రాస్తే ఎలా?

ఇంకో సంగతి. మతి తగ్గేటప్పుడు తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం, చిన్ననాటి భాష నిలబడడం చాలామందిలో చూస్తుంటాం. నలభై ఏళ్లు షోలాపూర్ మిల్లులో మరాఠీ మాట్లాడిన తాత ముసలితనంలో కోడలితో తెలుగు తప్ప మాట్లాడడు. ఆయన్ను మరాఠీలో పరీక్షిస్తే మనకు తెలిసేది ఆయన మరాఠీ ఎంత మిగిలిందనే. ఆయన మతి ఎంత మిగిలిందో తెలియదు.

బళ్లారి చూడండి. 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రం. ఆ తర్వాత మైసూరు. ఇప్పుడు కర్ణాటక. ఎనభై దాటిన పెద్దాయనను ‘ఇది ఏ రాష్ట్రం’ అని అడిగితే ఆయన ఏ కాలంలోంచి జవాబు చెప్తున్నాడో తెలుసుకునే ఓపిక ఉండాలి. మద్రాసు అన్నాక ‘ఇప్పుడో తాతా?’ అని ఇంకో మాట అడగాలి. బరంపురంలో ఒడియా, పుదుచ్చేరి పెద్దాసుపత్రికి పోతే యానాం వాళ్లకు అరవం. ఊరు మారుతుంది, కష్టం ఒకటే.

మార్కులు వస్తే చాలా?

దీనికి రెండో వైపు కూడా ఉంది. అది ఇంకా ప్రమాదం. మా వీధిలో ఒక రిటైర్డ్ అయ్యవారు ఉన్నారు. ఇంగ్లీషు, తెలుగు, కన్నడం మూడూ నోట్లో నాట్యం చేస్తాయి. ఆయన భార్య, మేం పెద్దమ్మ అని పిలుస్తాం, ఏడాదిగా మొత్తుకుంటోంది. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాడని, గుడి నుంచి వచ్చే దారి తప్పాడని, ఎవరో ఫోను చేస్తే బ్యాంకు నంబర్లన్నీ చెప్పేశాడని. కొడుకు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అయ్యవారు వందలోంచి ఏడు చొప్పున గడగడా తీసేశారు. ముప్ఫైకి ఇరవై ఎనిమిది! ‘మీ నాన్న మనకంటే చురుగ్గా ఉన్నారు’ అని పంపించేశారు. పెద్దమ్మ గది బయటే ఉంది. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఏడాది తిరిగేలోపు ఆయన తెల్లవారుజామున ఇల్లు విడిచిపోయి బస్టాండులో దొరికారు. తర్వాత ఇంకోచోట అన్నీ చూసి అల్జైమర్స్ అని తేల్చారు. బాగా చదువుకున్నవాళ్లు మొదట్లో ఇలాంటి చిన్న పరీక్షను దాటేయగలరు. వాళ్ల లోపం కాగితం మీద కంటే ఇంట్లో ముందు కనిపిస్తుంది.

అందుకే ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి. ఏడీ8 అనే దాంట్లో ఎనిమిదే ప్రశ్నలు. అమెరికాలో తయారైంది, 2005లో బయటికి వచ్చింది. డబ్బు లెక్కలో తడబాటు, చెప్పిందే చెప్పడం, కొత్త వస్తువు వాడడం నేర్చుకోలేకపోవడం లాంటివి గత కొన్నేళ్లలో మారాయా అని అడుగుతారు. రెండు లేక అంతకు ఎక్కువ మారాయంటే డాక్టరుకు చూపించాలని దాని సూచన. దీనికి పెద్దాయన చదువు అడ్డం రాదు. చదువు లేకపోవడమూ అడ్డం కాదు. మనిషి నిన్న ఎలా ఉన్నాడు, నేడు ఎలా ఉన్నాడు అన్నదే లెక్క.

ఆ ప్రశ్నలు ఎవరిని అడగాలి? ఇక్కడ మన ఇళ్ల సంగతి చెప్పాలి. మన సరిహద్దు ఇళ్లలో కోడళ్లు చాలామంది అవతలి నుంచి వచ్చినవాళ్లు. మా అమ్మది కుప్పం వైపు. ముప్ఫై ఆరేళ్లుగా ఇక్కడ ఉన్నా డాక్టరుతో మాట్లాడేటంత అరవం రాదు. అవ్వ ఎన్నింటికి లేస్తుంది, ఎన్నిసార్లు ఒకే మాట అడుగుతుంది, మాత్ర మింగిందా ఉమ్మేసిందా.. అన్నీ అమ్మకే తెలుసు. ఆసుపత్రిలో మాట్లాడేది మాత్రం భాష వచ్చిన కొడుకు, మనవడు. వాళ్లు పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లు. తెలిసిన మనిషికి భాష లేదు. భాష ఉన్న మనిషికి సంగతి తెలియదు. డాక్టరు రాసుకునేది రెండోవాడి మాట.

చూసుకునేవాళ్లను ఎవరు చూస్తారు?

బెంగళూరులో ఆ అమ్మాయి అవ్వ అయిపోయాక అమ్మను లోపలికి పిలిచింది. అరగంట కూర్చోబెట్టింది. చూసుకునేవాళ్ల భారం ఎంతో కొలిచే ప్రశ్నలు కూడా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. జారిట్ అనే ఆయన పేరుతో 1980 నుంచి వాడుకలో ఉన్నాయి. ఎక్కువగా వాడేది 22 ప్రశ్నల పత్రం. నీకంటూ సమయం ఉంటోందా? నీ ఆరోగ్యం దెబ్బతింటోందా? ఇంకా చేయాల్సింది చేయలేదనిపిస్తోందా? ఇలాంటివి.

అమ్మ బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. ‘నన్ను ఎవరూ ఇట్ల అడగలేదు రా’ అంది. అవ్వ రాత్రిళ్లు రెండుసార్లు లేస్తే అమ్మ కూడా లేస్తుంది. మోకాళ్ల నొప్పితో లేస్తుంది. నిద్ర సరిగా లేక తొమ్మిది నెలలు. మేం ఎవరం గమనించలేదు. కోడలు కదా, చేస్తుంది అనుకున్నాం. గుత్తి లాక్కున్నదని మనసులో అమ్మనే తప్పు పట్టినవాణ్ని నేను. ఇల్లు తగలబడుతుందేమోనని భయపడి ఆమె ఆ పని చేసింది. భయం పంచుకునే మనిషి లేకపోతే ఎవరైనా అదే చేస్తారు.

పెద్దవాళ్లకు మతి పరీక్ష చేసిన రోజే చూసుకునే మనిషిని కూడా పిలిచి, విడిగా, ఆమె భాషలో పది నిమిషాలు మాట్లాడాలి. అది దయ కాదు. వైద్యంలో భాగం. ఆమె పడిపోతే ఆ ఇంట్లో ఇద్దరు రోగులు అవుతారు.

భాషల తగాదా కాదు

ఇలా రాస్తే కొందరికి కోపం రావచ్చు. ‘తమిళనాడులో ఉండి తెలుగులో వైద్యం కావాలా? కర్ణాటకలో ఉండి కన్నడం నేర్చుకోరా?’ అని. నేర్చుకున్నాం. మా పిల్లలు అరవంలోనే చదువుతున్నారు. నేను రెండు భాషల్లో వార్తలు రాసి బతుకుతున్నాను. బోర్డుల మీద ఏ భాష ఉండాలన్న తగాదా కాదిది. థర్మామీటరు సరిగా లేకపోతే జ్వరం తప్పు చూపిస్తుంది. మతి పరీక్షకు భాషే థర్మామీటరు.

ఇదే మాట మన వైపు కూడా వర్తిస్తుంది. చిత్తూరు, నగరి ఆసుపత్రులకు వచ్చే అరవ పాటీకి, ఆదోని, రాయదుర్గం వచ్చే కన్నడ అజ్జికి, ఇచ్ఛాపురం వచ్చే ఒడియా ఆయీకి కూడా వాళ్ల భాషలోనే పరీక్ష జరగాలి. మనకు కావాలని అడిగేది వాళ్లకు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ కూడా సిద్ధపడాలి. అప్పుడే అడిగే నోటికి బలం.

డాక్టర్లకు తీరిక లేదన్నది నిజం. ఇంత మందికి తెలుగు మనస్తత్వ నిపుణులను ఎక్కడి నుంచి తెస్తారన్నదీ నిజమైన ప్రశ్నే. సరిహద్దు తాలూకా ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. వాళ్లలో ఇద్దరికి శిక్షణ ఇచ్చి, తయారుగా ఉన్న తెలుగు కాగితం చేతికి ఇస్తే సగం పని అయిపోతుంది. ఓపీ చీటీ మీద ‘ఇంటి భాష’ అని ఒక గడి పెడితే ఖర్చేమీ కాదు. కర్ణాటక ప్రభుత్వం, నిమ్హాన్స్ కలిసి 2022లో మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలెట్టాయి. తొలి విడతలోనే కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలను తీసుకున్నారు. రెండూ తెలుగు ఇళ్లు నిండిన జిల్లాలు. అక్కడి క్లినిక్కుల్లో ‘మీకు ఏ భాష’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర తమ సరిహద్దు తాలూకాల్లో అదే పని చేయాలి. ఇది అడగాల్సింది మన తెలుగు సంఘాలు. ఉగాదికి కవి సమ్మేళనం పెట్టే సంఘం ఒక పూట జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటును కలిసి ఒక వినతిపత్రం ఇవ్వలేదా?

మనం చేయాల్సింది

ప్రభుత్వాలు కదిలేదాకా కూర్చోనక్కర లేదు. పరీక్షకు పోయేటప్పుడు పెద్దవాళ్ల కళ్లజోడు, చెవి మిషను మరవకండి. చెవి వినపడడం లేదని అనుమానముంటే ముందు అది చూపించండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుపొండి. కొన్ని నిద్రమాత్రలు కూడా మతిని మందగింపజేస్తాయి. ఎంత చదివారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగకముందే చెప్పండి. ‘తెలుగులో పరీక్ష చేయడానికి ఎవరైనా ఉన్నారా?’ అని మర్యాదగా అడగండి. లేకుంటే తర్వాత ఒకరోజు రమ్మంటారేమో కనుక్కోండి. మరుపు నెమ్మదిగా వచ్చిందైతే నాలుగు రోజులు ఆగినా కొంప మునగదు. హఠాత్తుగా ఒకటి రెండు రోజుల్లో మతి తప్పితే, కింద పడ్డాక మారితే, మాట పడిపోతే మాత్రం భాష చూడొద్దు. వెంటనే దొరికిన ఆసుపత్రికి పరుగెత్తండి.

మనవడిని, మనవరాలిని దుబాసీగా కూర్చోబెట్టకండి. తెలియకుండానే జవాబు అందిస్తాం, లేదా ప్రశ్ననే మార్చేస్తాం. నేను చేసింది అదే. వేరే దారి లేకుంటే నర్సును అడగండి. ఇంట్లో చూసుకునే మనిషిని తప్పక వెంట తీసుకుపొండి. ఆమె మాట విడిగా వినమని చెప్పండి. పరీక్ష ఏ భాషలో జరిగిందో రిపోర్టు మీద రాయించుకోండి. రేపు ఇంకో డాక్టరు చూసినప్పుడు ఆ ఒక్క మాట ఎంతో పనికొస్తుంది.

మార్కులు తక్కువ వస్తే జబ్బు ఖాయమైనట్లు కాదు. అది వడపోత మాత్రమే. బి12, థైరాయిడ్, షుగరు, సోడియం, మనసులో దిగులు.. వీటిలో ఏది తేడా వచ్చినా మతి మందగిస్తుంది. వీటికి వైద్యం ఉంది. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను చెప్పింది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, రక్తపోటు, మధుమేహం వాటిలో ఉన్నాయి. అవన్నీ సరిదిద్దితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని అంచనా వేసింది. చెవికి మిషను పెట్టించడం ముసలివాళ్ల మీద దండగ ఖర్చు కాదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

ఇంకో హెచ్చరిక. ఈ మార్కుల కాగితాన్ని ఆస్తి పంపకాల్లోకి తేకండి. ముప్ఫైకి పన్నెండు వచ్చినంత మాత్రాన సంతకం చేసే హక్కు పోయినట్లు కాదు. అది తేల్చడానికి వేరే పద్ధతి ఉంది. సెల్‌ఫోనులో దొరికే ప్రశ్నలతో ఇంట్లోనే పరీక్ష పెట్టి ‘మతి లేదు’ అని తీర్పు చెప్పేవాళ్లు కూడా బయల్దేరారు. అది ఇంకా అన్యాయం.

చూసుకునేవాళ్లకు మనసు బరువైతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. దాంట్లో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పెద్దవాళ్ల సహాయానికి కేంద్రం పెట్టిన ఎల్డర్‌లైన్ నంబరు 14567. రెండూ గోడ మీద రాసి పెట్టుకోండి.

అవ్వకు బీగం చెవులు తిరిగి ఇచ్చేశాం. పొయ్యి దగ్గర మాత్రం అమ్మ పక్కన ఉంటుంది. పాల లెక్క అవ్వ నోటితో చెప్తుంది, చిన్నాయన రాస్తాడు. తప్పితే సరిచేస్తాడు. రాత్రిళ్లు అవ్వ దగ్గర ఒకరోజు అమ్మ, ఒకరోజు నేను పడుకుంటున్నాం. రేపు మతి ఇంకా తగ్గవచ్చు. తగ్గితే తగ్గిందని తెలుసుకుంటాం. లేని జబ్బును ముందే అంటగట్టం, ఉన్న జబ్బును చాదస్తమని దాచం.

వచ్చే వారం మీ ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఓపీ కిటికీ దగ్గర ఒక్క మాట అడగండి. ‘అయ్యా, పరీక్ష ఏ భాషలో చేస్తారు?’ ఒకరు అడిగితే విసుక్కుంటారు. పది మంది అడిగితే ఆలోచిస్తారు. వంద మంది అడిగితే తెలుగు కాగితం బల్ల మీదికి వస్తుంది.